చైత్రకి వచ్చిన మూడు మెయిల్స్

బైక్ డివైడర్ ఎక్కి దిగింది!

సంపిగె రోడ్డులో పూలమ్మే ఆవిడ బుట్ట ఎగిరి పడింది. మల్లెపూలు రోడ్డంతా...

"కళ్లు నెత్తికెక్కాయా? నీ బండి తగలెయ్య!"

ధీమంత్ వెనక్కి చూడడు. ఇలాంటి జనాన్ని అతను ఎప్పుడూ చూడడు.

పొద్దున్నే మల్లేశ్వరం కిటకిటలాడుతోంది. నడుముకి పిస్తోలు గుచ్చుకుంటోంది.

అతనికి ఇప్పుడు కావలసింది ఒక్కటే.

చైత్ర!

పెళ్లాం. నిన్న ఆఫీసు టెర్రస్ మీద అతను అమోఘ్‌ని తోసేయడం చూసిన ఒకే ఒక్క మనిషి.

అమోఘ్ అతని పార్ట్‌నర్. కస్టమర్ల వివరాలు దొంగచాటుగా అమ్ముకుంటున్నావ్, పోలీసులకి చెప్పేస్తానన్నాడు. పెద్ద హరిశ్చంద్రుడు! ఒక్క తోపు... ఒక్క కేక.

పోలీసులు ప్రస్తుతానికి ఆత్మహత్య అనుకుంటున్నారు. కోర్టుకెళ్లి చెప్పేస్తానని చైత్ర రాత్రే ఇల్లు వదిలిపోయింది. ఇవాళ జడ్జి ముందు నోరు విప్పిందా, అతని పని అయిపోయినట్టే. అంతకుముందే ఆ నోరు మూయించాలి.

ఆమె ఫోన్ ఆఫ్. పుట్టింట్లో లేదు. స్నేహితురాళ్ల దగ్గర లేదు.

అయినా ఎక్కడుందో అతనికి తెలుసు. మెయిల్ వచ్చింది కదా!

"హాయ్ చైత్రా! ఇందాక మా మల్లేశ్వరం అంగట్లో మీరు కొన్న కోడుబళె చేగోడీ కరకరలాడిందా? రెండు ముక్కలు మాతో చెప్పండి!"

సిరిసంతె కిరాణా వాళ్ల మెయిల్. ఇంట్లో అకౌంట్లన్నీ ధీమంత్ మెయిల్‌కే కట్టేసి ఉంటాయి. బిల్లు దగ్గర పాయింట్ల కోసం చైత్ర నంబర్ చెప్తే చాలు. కబురు మొగుడికి చేరుతుంది.

ఆ మెయిల్స్ పంపే సాఫ్ట్‌వేర్ అతని కంపెనీదే. ఎవరేం కొన్నారో చూస్తుంది. పేరు పెట్టి పిలుస్తుంది. ఆప్యాయంగా నాలుగు ముక్కలు దానంతటదే రాసి పంపుతుంది. మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు. చైత్ర పుట్టినరోజుకి కూడా అదే శుభాకాంక్షలు పంపేది. ధీమంత్‌కి ఆ తారీఖు కూడా గుర్తుండదు. ఛీ, అదీ ఒక కాపురం!

"ప్రాణం మీదికొచ్చినా పాయింట్లు వదల్లేదు మొద్దు!" నవ్వుకున్నాడు.

అంగట్లోకి దూసుకెళ్లాడు. కౌంటర్ మీద ఫోన్‌లో ఫొటో పెట్టాడు.

"ఈవిడ వచ్చిందా?"

కౌంటర్ అతను ఫొటో చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పొద్దున్నుంచి ఎంతమంది రాలేదు సార్? ఎవరని చెప్పను?"

"సరిగ్గా చూడరా!"

"రా, గీ అనకండి. కొనేదుంటే కొనండి. లేకపోతే పక్కకి జరగండి, వెనక అమ్మగారు పప్పు పట్టుకుని నిలబడ్డారు."

ధీమంత్ పళ్లు కొరుకుతూ బయటికొచ్చాడు. భూమికకి ఫోన్ కొట్టాడు. ఆఫీసులో అతని కింద పనిచేసే అమ్మాయి. ఆమె రాసిన మెయిల్స్ పదిమంది ముందు పైకి చదివి, వెక్కిరించి, చెత్తబుట్టలో వేయడం అతనికి రోజూ కాలక్షేపం.

"భూమికా, ఎక్కడున్నావ్?"

"సీట్లోనే ఉన్నాను సార్. పోలీసులు వచ్చారు. మీరు మీటింగ్‌లో ఉన్నారని చెప్పాను."

"అబ్బో, తెలివి వచ్చిందే! మా ఆవిడ అకౌంట్ చూడు. అలిగి వెళ్లిపోయింది. ఎక్కడ తిరుగుతోందో చెప్పు."

కీబోర్డు చప్పుడు...

"గాంధీబజార్‌లో ఏదో తీసుకోబోయి వదిలేసినట్టుంది సార్. మెయిల్ మీకే వస్తుంది, చూసుకోండి."

టింగ్!

"చైత్రా, ఏమైనా మర్చిపోయారా? మీ బుట్టలో మైసూర్‌పాక్ మీకోసం దిగులుగా ఎదురుచూస్తోంది. గాంధీబజార్ అంగడి మీకు దగ్గర్లోనే!"

దిగులుపడే మైసూర్‌పాక్! ఆ ముక్క ఒకప్పుడు రాసింది ధీమంతే. జనం దానికే పడిపోతారు. గొర్రెలు!

బైక్ ఎగిరింది.

మెజెస్టిక్ దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టింది. ఫుట్‌పాత్ ఎక్కించాడు. ఎవరో గొడుగుతో వీపు మీద ఒకటి వేశారు. ఆగలేదు!

"ఏం గురూ, అత్తారింట్లో పాయసం చల్లారిపోతోందా?" ఆటో అతను పళ్లికిలించాడు.

"నోర్ముయ్!"

గాంధీబజార్. పూలు... జనం... కాఫీ వాసన... చైత్ర లేదు!

అరటిపళ్ల బండి పక్కన ఎర్రచీర. జుట్టు అచ్చం అలాగే! వెనక నుంచి భుజం పట్టి లాగాడు.

వేరే మనిషి. చెంప ఛెళ్లుమంది!

"సిగ్గులేదూ? ఇంట్లో అక్కాచెల్లెళ్లు లేరా నీకు?"

జనం పోగవుతున్నారు. తోసుకుంటూ బయటపడ్డాడు. చొక్కా చిరిగింది. చెంప మండుతోంది. భయం... మొదటిసారి నిజంగా భయం వేసింది.

టింగ్!

"చైత్రా, మీ ఆర్డర్ రెడీ! బనశంకరి గోదాములో మీ పేరుతో పక్కన పెట్టాం. దారి కోసం ఇక్కడ నొక్కండి."

నొక్కాడు.

దొరికింది! ఇంక ఎక్కడికి పోతుంది?

గోదాము షట్టర్ సగం పైకెత్తి ఉంది. వంగి లోపలికి దూరాడు. చీకటి. రాగుల వాసన. బస్తాల మధ్య కుర్చీలో ఒక ఆడమనిషి, అటు తిరిగి కూర్చుంది.

పిస్తోలు తీశాడు.

"లే చైత్రా! ఊరంతా తిప్పావ్ కదే!"

ఆమె తీరిగ్గా ఇటు తిరిగింది.

చైత్ర కాదు!

"ఇన్‌స్పెక్టర్ శివలీల. రండి ధీమంత్ గారూ. పాపం, ఎండన పడి వచ్చారు."

ఆమె చేతిలోనూ పిస్తోలుంది. సూటిగా అతని గుండెకే!

"చై... చైత్ర ఏది?"

"కోర్టులో. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. ఆ గేటు దగ్గర నువ్వు కాపు కాస్తావని వణికిపోయింది. అందుకే నిన్ను ఊరు చుట్టూ తిప్పాం. ఇందాకే జడ్జిగారికి అంతా చెప్పేసింది."

"అబద్ధం! ఆమె కొన్నది... మెయిల్స్ వచ్చాయి..."

"నేను పంపాను సార్."

శివలీల పక్కన బస్తా మీద ఫోన్. స్పీకర్‌లో భూమిక.

"చైత్రక్క ఏమీ కొనలేదు. మొదటిది మీరు తెరిస్తే కాసేపటికి రెండోది, రెండోది తెరిస్తే ఇంకాసేపటికి మూడోది. దారి నొక్కితే మేడమ్‌కి కబురు. అన్నీ వాటంతటవే వెళ్లాయి. మీ సాఫ్ట్‌వేరే కదా సార్."

"నువ్వా? ఒక్క మెయిల్ సరిగ్గా రాయడం చేతకాని దానివి..."

"మీరు మూడూ తెరిచారుగా సార్. ఒక్కదానికీ ఆగి ఆలోచించలేదు. అమోఘ్ సార్ నన్ను మనిషిలా చూసేవారు. ఆయన్ని చంపేశారు. మిమ్మల్ని చూస్తే అసహ్యం వేస్తోంది."

ధీమంత్ మొహం నల్లబడింది. గొర్రెలని తను నవ్విన జనంలో ఏ ఒక్కరూ ఇలా పరిగెత్తి ఉండరు!

"పిస్తోలు కింద పెట్టు!" శివలీల గద్దించింది.

పెట్టలేదు. అతని చెయ్యి పైకి లేస్తోంది... వేలు ట్రిగ్గర్ మీదికి...

టింగ్!

అతని కళ్లు ఎడమచేతిలోని ఫోన్ మీదికి దిగాయి. అప్పుడు కూడా!

"హాయ్ ధీమంత్! ఇది మీకోసం మాత్రమే..."

ఢాం! పేలింది శివలీల పిస్తోలే.