ప్రార్థన వేళ పిలుపు

లౌవిలి శవం మధ్యాహ్నపు పోటుకి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పుట్టినప్పట్నుంచీ సముద్రంలో ఈదినవాడు మోకాలిలోతు నీళ్ళలో మునిగి చచ్చాడని పోలీసులు రాసుకున్నారు. రాసుకోనీ, వాళ్ళ తెలివి అంతే! మెడ వెనక సూది గుచ్చిన మచ్చ ఉందన్న సంగతి ఆసుపత్రి వాళ్ళు ఫిలోమెనాకి మాత్రమే చెప్పారు.

ఫిలోమెనా గది అపియాలో మత్స్యశాఖ ఆఫీసు మేడ మీద ఉంటుంది. తలుపు మీద 'వలల లైసెన్సులు' అని బోర్డు. సమోవా దేశపు గూఢచారి శాఖంతా ఆ ఒక్క గదే. ఏజెంట్ సమాసోని లోపలికొచ్చి తలుపు మూశాడు.

"లౌవిలి ఎవరి డ్రైవరు?" అడిగాడు.

"సదరన్ హ్యాండ్స్ వాళ్ళ డ్రైవరు. కాన్‌బెర్రా సర్కారు పంపే వాలంటీర్ల సంస్థ. చచ్చేముందు నాకు ఫోన్ చేశాడు. 'పిల్లల్ని ఒకచోటికి పిలుస్తారు' అన్నాడు. లైను తెగిపోయింది."

పిల్లలంటే ఆ వాలంటీర్లే. ఇప్పుడు వాళ్ళు సమాసోని సొంతూరు సలేవావాలోనే ఉన్నారు. కొత్త బ్యాచ్ ఏదొచ్చినా ముందు ఒకే ఊళ్ళో దిగుతుంది. ఇంటికొకరు. ఆ ఇంటి బిడ్డలా తిని, పడుకుని, భాష నేర్చుకుని, ఆ తర్వాతే మన బళ్ళు, ఆసుపత్రులు అడిగిన పనులకి వెళతారు. దేశంలో గొడవ లేస్తే ఫోన్‌లో కోడ్‌వర్డ్ వస్తుంది. అది వస్తే చేతిలో ముద్ద వదిలేసైనా సరే, అందరూ ఊరి చివరి హాలుకి పరుగెత్తుకు రావాలి. అక్కణ్ణుంచి విమానానికి తీసుకుపోతారు.

"ఒక్క వాలంటీరు హత్యకి గురైనా సంస్థ మొత్తం దేశం వదిలిపోతుంది. అది వాళ్ళ రూలు," అంది ఫిలోమెనా. "కాన్‌బెర్రా ముఖం తిప్పుకుంటే సలేవావా అఖాతం ఎవరికి దక్కుతుంది? అక్కడ యుద్ధనౌకల రేవు కట్టాలని చూస్తున్న ముఠాకి."

"అయితే వాలంటీరు వేషంలో దిగుతా."

"చంపుతా!" బల్ల మీద చరిచింది. "వాళ్ళలో గూఢచారి ఉన్నాడన్న పుకారు పుడితే చాలు, ఏ దేశంలోనూ ఆ పిల్లల్ని ఇంట్లోకి రానివ్వరు. వాళ్ళకి నువ్వెవరో తెలియకూడదు. నీ వల్ల సంస్థ పోయినా మనం ఓడినట్టే. లోపల మనకో మనిషుంది. సిల్వియా హార్కోర్ట్, వాళ్ళ సేఫ్టీ ఆఫీసరు. రూలు తప్పి మరీ మనకి సాయం చేస్తోంది. ఏదున్నా ఆవిడకి చెప్పు."

సమాసోని సీమపనస చెట్ల తెగులు చూసే ఇన్‌స్పెక్టరుగా బస్సు దిగాడు. పెట్టుడు మీసం, బెత్తెడు మందం కళ్ళద్దాలు. వేలికి ఉంగరం. పేలుడు మందు దగ్గర్లో ఉంటే అది గజగజా వణుకుతుంది.

"ఒరేయ్ సమాసోనీ! ఆ మూతికేమైందిరా?" అంది సియావా అత్త రోడ్డు అవతల్నించే. ఆవిడ ఊరికి పెద్ద. పెద్దరికం బిరుదు ఆవిడదే, ఊరి గంటగా వాడే ఖాళీ గ్యాస్ సిలిండరు వేలాడేదీ ఆవిడ ఇంటి స్తంభానికే.

"అత్తా, నెమ్మదిగా! నేను ఇన్‌స్పెక్టర్ని."

"ఇన్‌స్పెక్టరువైతే భోజనానికి రావా ఏంటి? మా కొత్త కూతుర్ని చూద్దువుగానీ రా. బెత్నీ అని, నర్సు. టారో దుంప చెక్కమంటే సగం దుంప చెత్తలోకే పోతోంది, పాపం." ఆ తిట్టులో ఎంత ముద్దుందో సమాసోనికి తెలిసింది. ఆ పిల్లకేమన్నా అయితే అత్త బతకదు.

పొద్దు వాలుతుండగా హాలు చుట్టూ చెట్లు చూస్తున్నట్టు తిరిగాడు. వెనక మెట్ల దగ్గర ఉంగరం వణికింది. వంగి చూశాడు. నేల చెక్కల కింద బూడిదరంగు పెట్టె, దానికో యాంటెన్నా. రిమోట్ బాంబు. ముట్టుకుంటే పేలే రకం.

తెల్లకారు వచ్చి ఆగింది. సిల్వియా దిగింది. ఎర్రటి పెదాలు, ఎత్తుమడమల చెప్పులు, మల్లెపూవులాంటి చొక్కా. మూడేళ్ళుగా ఈ దేశంలో ఉంది. పల్లెలకి పట్టపగలు ఏసీ కారులో వచ్చి పట్టపగలే వెళ్ళిపోతుంది. సమాసోని ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు.

"హాలు కింద బాంబుంది. పిల్లలెవర్నీ ఇటు రానివ్వకండి."

"అయ్యో దేవుడా!" సిల్వియా గుండె మీద చెయ్యి వేసుకుంది. "మంచిపని చేశారు. నేను ఫోన్‌లో చెబుతాను. మీరు ఊళ్ళోకి వెళ్ళండి."

ఊరి మొదట్లోకి వచ్చేసరికి సమాసోని జేబులో ఫోను మోగింది. ఫిలోమెనా.

"వాలంటీర్లందరికీ ఇప్పుడే కోడ్‌వర్డ్ వెళ్ళింది! పంపింది సిల్వియా!"

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఎంత వెధవపని చేశాడు! సిల్వియా ఆ రేవు ముఠా మనిషే. దొంగ చేతికే తాళం ఇచ్చాడు. బాంబు దళం కొండ దాటి రావాలి. ఇక మిగిలింది తనొక్కడే. పరుగందుకున్నాడు.

ఠంగ్ మంది గ్యాస్ సిలిండరు.

సా. సాయంత్రం ప్రార్థన. ఊరు ఊరంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రోడ్డు మీద కాపలా కాసే కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు. ముందున్నవాడు ములిపోలా, సమాసోని మేనమామ కొడుకు. మనిషి తలుపంత వెడల్పు.

"ఎక్కడికి బావగారూ ఆ పరుగు? గంట వినబడలేదా?"

"ములిపోలా, ప్రాణాల మీదికొచ్చింది, వదులు!"

"అందరూ అదే చెప్తారు. నడు." రెక్క పట్టుకుని అత్త ఇంట్లో కూలేశాడు.

గోడల్లేని ఇల్లు. చాపల మీద అందరూ కాళ్ళు మడిచి కూర్చున్నారు. బెత్నీ చేతిలో ఫోను వెలుగుతోంది. పిల్ల ముఖం పాలిపోయింది.

"అమ్మా, నేను వెళ్ళాలి. ఇది రూలు," అంది వచ్చీరాని సమోవా భాషలో.

"ప్రార్థన అయ్యాక ఎక్కడికైనా పో. ముందు కూర్చో," అంది అత్త.

సమాసోని స్తంభాల మధ్య నుంచి చుట్టూ చూశాడు. పక్కింట్లో అదే కథ. ఆ పక్కింట్లోనూ అదే. ఒక పిల్లాడు లేవబోతే ఆ ఇంటి ముసలాయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. సంస్థ రూలు పుస్తకం సిల్వియాకి కంఠతా వచ్చు. సాయంత్రం పూట ఈ ఊరెలా ఉంటుందో మాత్రం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

కానీ అత్త ఆమెన్ అంటే గంట మోగుతుంది. పిల్లలందరూ చావులోకి పరుగెడతారు. బాంబని చెబితే తనెవరో బయటపడుతుంది, సంస్థ పోతుంది.

"అత్తా," చెవిలో గొణిగాడు, "ప్రార్థన ఆపకు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎందుకని అడక్కు."

అత్త ఒక కన్ను తెరిచి వాడి ముఖం చూసింది. మళ్ళీ మూసుకుంది. ఆక్లాండ్‌లో ఉన్న చుట్టాలందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పగించడం మొదలెట్టింది. తర్వాత పందుల్ని. తర్వాత టారో మడుల్ని. వెనక ఎవరో ఆకలితో నిట్టూర్చారు.

రోడ్డు మీద హారన్ మోగింది. హాలుకి ఒక్కరూ రాకపోయేసరికి సిల్వియా సహనం చచ్చి ఊళ్ళోకి వచ్చింది. కుర్రాళ్ళు కారు ఆపారు.

"ఇది ఎమర్జెన్సీ! నేనెవరో తెలుసా?"

"తెలుసండీ. దిగి కింద కూర్చోండి. ప్రార్థన జరుగుతోంది."

సిల్వియా దిగింది. కూర్చోలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అంతమంది చుట్టూ ఉండగా, ఆ మసక వెలుగులో లిప్‌స్టిక్ ఎందుకు? అది లిప్‌స్టిక్ కాదు, బాంబు రిమోట్!

పక్కన చాప ఖాళీ. బెత్నీ లేదు! పిల్ల వెనక స్తంభాల మధ్య నుంచి జారుకుని హాలు వైపు పరుగెడుతోంది. సిల్వియా కూడా చూసింది. ఎర్రటి పెదాలు నవ్వాయి. ఆవిడకి అందరూ అక్కర్లేదు. ఒక్కరు చాలు.

సమాసోని ఇంట్లోంచి ఒక్క దూకు దూకాడు. ఇద్దరు కుర్రాళ్ళు వాడి నడుం పట్టుకుని నేలకేశారు. పెట్టుడు మీసం సగం ఊడింది.

"ములిపోలా!" మట్టిలోంచే గొంతు చించుకున్నాడు. "అదిగో, ఆ తెల్లపిల్ల సా తప్పుతోంది! పట్టుకో!"

బాంబని చెబితే ములిపోలా ఒక్క క్షణం ఆలోచించేవాడు. సా తప్పుతోందంటే ఆలోచించేదేముంది? కొండ దొర్లినట్టు దొర్లాడు. బెత్నీ హాలు మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ములిపోలా ఆ పిల్లని బస్తాలా భుజాన వేసుకుని, గిర్రున తిరిగి, అరటితోటలో దూకాడు. సిల్వియా బొటనవేలితో లిప్‌స్టిక్ అడుగు నొక్కింది.

హాలు పైకి లేచింది. నేల అదిరింది. ఊళ్ళో పందులన్నీ ఒక్కసారిగా అరిచాయి. అరటాకుల్లోంచి ములిపోలా గొంతు వినబడింది, "కరవకమ్మాయ్, దించుతున్నాగా!" అని. సమాసోనికి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు. అత్త ఆమెన్ అనేదాకా కుర్రాళ్ళు సిల్వియాని కదలనివ్వలేదు.

మర్నాడు సంస్థ పెద్దాయన అపియా నుంచి దిగాడు. పిల్లలందరూ క్షేమం. అయినా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సియావాగారూ, ఒక్కటే ప్రశ్న. నిన్న ఈ ఊళ్ళో గూఢచారెవరైనా తిరిగాడా? తిరిగితే మేం ఇక్కడ ఉండలేం. సగం మీసంతో ఎవరో కనబడ్డాడని మావాళ్ళు చెబుతున్నారు."

బెత్నీ అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్దాయన చూపు సమాసోని మీద ఆగింది.

"వీడా?" అత్త మేనల్లుణ్ణి ఎగాదిగా చూసింది. "ప్రార్థనలో కాసేపు కుదురుగా కూర్చోలేడండీ. వీడికి గూఢచారి ఉద్యోగం ఎవరిస్తారు?"