కొత్త టైలు మీద బొట్టు

పదకొండేళ్లుగా ఎస్సై గంగాప్రసాద్‌ను ఒక అనుమానం వదల్లేదు. జగిత్యాలలో ఆ ఉంగరం యాదగిరి నిజంగానే తీశాడా?

అప్పుడాయన హెడ్ కానిస్టేబుల్. ఒక ఇంట్లో బాత్రూం బాగుచేయిస్తుండగా ఉంగరం పోయింది. అక్కడ పనిచేస్తున్న తాపీమేస్త్రీ యాదగిరిని గంగాప్రసాద్ పట్టుకొచ్చాడు. కొట్టాడు. రెండు రాత్రులు స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. ఉంగరం దొరకలేదు. మూడోరోజు వదిలేశారు.

బీరువా తాళం దాంతోనే పెకిలించాడని తీసుకున్న తాపీ మాత్రం స్టేషన్‌లో ఉండిపోయింది.

యాదగిరి మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడుసార్లూ "రేపు రా" అన్నాడు గంగాప్రసాద్. నాలుగోసారి యాదగిరి రాలేదు.

ఆ తాపీ ఇప్పుడు గంగాప్రసాద్ ఇంట్లో ఇనుప పెట్టెలో ఉంది. ప్రతి దసరాకూ ఆయుధపూజలో దానికీ ఒక కుంకుమబొట్టు పెడతాడు. ఎవరిదని భార్య తిరుమల అడిగితే, "ఒకాయనది. ఇయ్యాలె" అంటాడు. దేవుడి ముందు పెట్టినంత మాత్రాన ఇచ్చినట్టవుతుందా? ఆ మాట ఆయన ఎవరినీ అడగలేదు.

శుక్రవారం ఉదయం 10:20. కోరుట్ల స్టేషన్‌కు ఫోన్ వచ్చింది. మూడు తులాల బంగారు గొలుసు పోయింది.

10:45కు గంగాప్రసాద్ ఆ ఇంట్లో ఉన్నాడు.

ఇల్లు శేఖర్‌ది. అతను మస్కట్‌లో పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది భార్య రాజలక్ష్మి, తల్లి సాయమ్మ. శేఖర్ అక్క స్వర్ణలత మెట్‌పల్లి నుంచి ముందురోజు సాయంత్రమే వచ్చింది.

సాయమ్మకు మోకాళ్లు వంగవు. పెరట్లోని పాత మరుగుదొడ్డిలో కూర్చోలేకపోతోంది. అందుకే పడకగదిని ఆనుకుని ఉన్న బాత్రూంను పగలగొట్టి, కమోడ్ పెట్టి కొత్తగా కట్టిస్తున్నారు.

"పది దినాల పని అన్నరు సారు," అంది రాజలక్ష్మి. "నలభై రెండు దినాలాయె. తవ్వితె లోపలి పైపు మొత్తం కుళ్లింది. దేవుని అర్ర గోడకు చెమ్మ. టైల్స్ తక్కువవడ్డయ్, మళ్ల తెస్తె రంగు కలుస్తలేదు. నీళ్లు తలుపు దిక్కు అస్తున్నయని బండలు మళ్ల పీకిచ్చిన. ఆయన పంపిన పైసలన్ని ఒడిసినయ్."

"గొలుసు?"

"అత్తమ్మది. అమ్మి పని పూర్తి చెయ్యుమని ఆయనే ఫోన్ల జెప్పిండు. బుధవారం బీరువల వెట్టిన. ఇయ్యాల పది గంటలకు సేటు దగ్గరికి పోవాలె. తొమ్మిదిన్నరకు చూస్తె లేదు."

"బీరువా తాళం?"

"బీరువకే ఉంది. అర్రకు తాళమేస్తిమి గద అని..."

"గదిలో ఎవరు పడుకున్నారు?"

"ఎవ్వలు పండలే. సిమెంటు వాసన. అందరం హాల్లనే."

"గదిలోకి ఎవరెళ్లారు?"

"మేస్త్రీ సంజీవ్ ఒక్కడే. నిన్న నాలుగింటికి అచ్చిండు. జాయింట్లకు వైట్ సిమెంట్ నింపి, నాలుగు నలభైకి పోయిండు. నడుమల నేను చాయ్ పెట్టవోయిన. పది నిమిషాలు. గంతే. మూడు దినాలు లోపలికి పోవద్దన్నడు. తాళమేసి చెవి దేవుని అర్రల గోడ మొలకు తలిగేసిన. మళ్ల తొమ్మిదిన్నరకే తీసిన."

"మీరెవరూ వెళ్లలేదా?"

"నేనసలు గటు దిక్కే పోలే," అంది స్వర్ణలత.

సాయమ్మ తల అడ్డంగా ఊపింది.

గంగాప్రసాద్ బాత్రూం చూశాడు. ఒక గోడ తెలుపు. పక్క గోడ సగం తెలుపు, సగం పాలమీగడ రంగు. ఇంకా నీళ్లు ఇవ్వని కమోడ్. కొత్త వాష్‌బేసిన్, దానికి మాత్రం నీళ్లొస్తున్నాయి. బేసిన్ పైన టైలుకు అంటించిన ఒక మెరూన్ బొట్టుబిళ్ల. మూలన సిమెంటు మరకల గమేళా తట్ట. అలాంటి బాత్రూంలో ఉండేవే అన్నీ. బయటికి వచ్చాడు.

రాజలక్ష్మి గొంతు తగ్గించింది. "వాని నాయిన గూడ గసోంటోడేనట సారు. జగిత్యాలల దొంగతనం జేసి పోలీసోళ్లకు దొరికిండట. టైల్స్ దుకాణంల జెప్పిన్రు. ముందుగాల ఎరుకైతె గడప తొక్కనియ్యకపోదును. వాని మీద కేసు రాయున్రి."

గంగాప్రసాద్ చేతిలో పెన్ను ఆగింది.

"తండ్రి పేరు?"

"యాదగిరట."

మధ్యాహ్నం 12:30. సంజీవ్ స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లు. వేళ్ల సందుల్లో ఇంకా తెల్ల సిమెంటు. కానిస్టేబుల్ అతని సంచి వెతికాడు. అద్దె గది వెతికాడు. ఏమీ లేదు.

"బీరువా ముట్టుకున్నావా?"

"లేదు సారు."

"పది నిమిషాలు ఒక్కడివే ఉన్నావు. ఏం చేశావు?"

"స్పాంజి వట్టి టైల్స్ తుడిచిన. ఒక్క మరక కనవడ్డ రాజలక్ష్మక్క ఊకోదు. ఒక్కొక్క టైలు చేత్తోని రాసి చూసింది. ఫోటోలు తీసి మస్కట్‌కు పంపింది. గప్పుడు పొమ్మన్నది."

"మీ నాయన ఎక్కడుంటాడు?"

"సిరిసిల్లల. బట్టలు నేసే సాంచెల కార్ఖానకు వాచ్‌మన్. జగిత్యాలల ఏమైందో నాకు జెప్పడు. గప్పటిసంది తాపీ ముట్టలే. పని నేను మా మామ దగ్గర నేర్చుకున్న."

టేబుల్ మీద వేరే ఫైల్లో అతని కాగితమే ఉంది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. సంజీవ్‌కు ఒమాన్ వీసా వచ్చింది. పన్నెండో తారీఖు ఫ్లైట్. ఎఫ్ఐఆర్ పడితే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ రాకపోతే ప్రయాణం లేదు.

"సారు," అన్నాడు సంజీవ్. "కొట్టేదుంటె కొట్టున్రి. కేసు మాత్రం రాయకున్రి."

గంగాప్రసాద్ కొట్టలేదు. కేసూ రాయలేదు. వదిలిపెట్టే ధైర్యమూ చేయలేదు. ఆ రాత్రి సంజీవ్ బెంచీ మీదే ఉన్నాడు.

శనివారం ఉదయం 6:10. గంగాప్రసాద్ ఇంట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం అంచున వరుసగా నాలుగు బొట్టుబిళ్లలు. తిరుమలవి.

"మళ్ల అంటిచ్చినవా? నిన్ననే గదా గీకింది."

"మొఖం కడిగేటప్పుడు తీసి అంటిస్త. చెయ్యి దానంతట అదే పోతది. నాకు యాది గూడ ఉండది," అంది తిరుమల వంటింట్లోంచి.

రేజరు చెంప మీద ఆగిపోయింది.

ఉదయం 8:30. శేఖర్ ఇంటి హాలు. ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. సంజీవ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాజలక్ష్మి అతని వైపు చూడలేదు.

"అమ్మా, గురువారం మీరు శేఖర్‌కు పంపిన ఫోటోలు చూపించండి."

ఆమె ఫోన్ ఇచ్చింది. టైము 4:38. వాష్‌బేసిన్ మీది గోడ స్పష్టంగా కనిపిస్తోంది. తళతళలాడే టైల్స్. ఒక్క మచ్చ లేదు.

"ఇప్పుడు రండి."

అందరూ బాత్రూం తలుపు దగ్గర నిలబడ్డారు. గంగాప్రసాద్ అదే గోడను వేలితో చూపించాడు.

బొట్టుబిళ్ల.

"నాలుగు ముప్పై ఎనిమిదికి ఇది లేదు. నాలుగు నలభైకి తాళం పడింది. శుక్రవారం నేను వచ్చేసరికి ఉంది. తొమ్మిదిన్నరకు మీరు లోపలికి వచ్చారా?"

"బీరువ కాడికే సారు. బాత్రూంల అడుగు వెట్టలే."

"అయితే నడుమ ఎవరో వచ్చారు. మొహం కడుక్కున్నారు. సంజీవ్ బొట్టు పెట్టుకోడు. సాయమ్మ గారి నుదురు ఖాళీ. మీది గుండ్రటి ఎర్ర కుంకుమ. ఇది మెరూన్, నిలువు బిళ్ల."

అందరి కళ్లూ స్వర్ణలత నుదుటి మీది మెరూన్ నిలువు బిళ్ల మీదికి వెళ్లాయి. ఆమె చెయ్యి గబుక్కున అక్కడికి పోయింది.

"ఎన్ని గంటలకు వెళ్లావమ్మా?"

స్వర్ణలత ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు వచ్చాక ఇల్లు దాటలేదు. గొలుసు ఇంట్లోంచి బయటికి పోలేదు. మూడు రోజులు ఎవరూ రాని చోటు ఇదొక్కటే. మేం సంచి వెతికాం. ఇల్లు వెతకలేదు. అది మా తప్పు."

ఆయన వంగి కమోడ్ ఫ్లష్ ట్యాంక్ మూత ఎత్తాడు. నీళ్లు లేని ట్యాంకు అడుగున పాలిథిన్ కవర్. అందులో గొలుసు.

సాయమ్మ గోడ పట్టుకుంది. "బిడ్డా, నువ్వా?"

"నేనే!" స్వర్ణలత ఒక్కసారి పేలింది. "పొద్దుగాల అయిదింటికి అచ్చిన. చెమటలు వోసినయ్, మొఖం కడిగిన. గా బొట్టే నా పాలిట... బాపు నీకు చేపిచ్చిన గొలుసు గాదే అది? నీ తర్వాత నాకని నువ్వే అంటివి. దాన్ని అమ్మి వీళ్లు లెట్రిన్ కట్టుకుంటరా?"

"కట్టేది నా కోసమేనే," అంది సాయమ్మ. "నేను కూసోలేకనే."

"నేను మెట్‌పల్లికి తోల్కపోతనంటె రాకపోతివి!"

"మరి ఈ పిల్లగాన్ని దొంగంటుంటె నోరెట్ల మూసుకున్నవ్ వదినె?" అంది రాజలక్ష్మి.

"నువ్వే గద అన్నది! వాని నాయిన దొంగ, వాడు గూడ దొంగ అని. నేను ఒక్క మాట అన్ననా?"

 రాజలక్ష్మి గంగాప్రసాద్ వైపు తిరిగింది. గొంతు మారింది.

"సారు... కేసు వద్దు. ఇంట్లది. మేమే చూసుకుంటం. ఆయనకు తెలిస్తె అక్కాతమ్ములు ఇడిపోతరు."

"నిన్న రాయమన్నారు గదా?"

"నిన్న... నిన్న ఎరుక లేకుండె."

సంజీవ్ బాత్రూం మూలనున్న తన గమేళా అందుకున్నాడు.

"సంజీవ్, కమోడ్‌కు నీళ్లు సోమవారం కలుపుతవు గద?" అంది రాజలక్ష్మి. క్షమించమని అనలేదు. అనాలని ఆమెకు తోచినట్టు కూడా లేదు.

సంజీవ్ సాయమ్మ మోకాళ్ల వైపు చూశాడు. "కలుపుత పెద్దమ్మా," అన్నాడు. ఆ మాట అన్నది రాజలక్ష్మితో కాదు.

11 గంటలకు గంగాప్రసాద్ సర్టిఫికెట్ ఫైలు మీద సంతకం పెట్టాడు. ఏ కేసులూ లేవు.

ఆదివారం ఆయన సిరిసిల్లకు బయలుదేరాడు. దారిలో వేములవాడ. గుళ్లోకి వెళ్లకుండా ఎప్పుడూ ఆ ఊరు దాటనివాడు, ఆ రోజు బండి ఆపలేదు.

రేకుల ఇల్లు. సంజీవ్ తల్లి రూతమ్మ అరుగు మీద రాట్నంతో నూలు కండెలు చుడుతోంది. పక్కనే నులకమంచం మీద యాదగిరి. జుట్టు మొత్తం నెరిసింది. ఆమె తల ఎత్తి చూసింది. వెంటనే గుర్తుపట్టింది.

"జగిత్యాల సారు గద? నా కొడుకును ఒక రాత్రి కూసోవెట్టిన్రట. వాళ్ల నాయినను రెండు రాత్రులు. కొంచెం తగ్గిచ్చిన్రు."

గంగాప్రసాద్ నిలబడే ఉన్నాడు.  అయినా అడిగాడు.

"యాదగిరీ, ఆ ఉంగరం..."

"దొరికె గద," అంది రూతమ్మ, రాట్నం ఆపకుండానే. "మరుసటేడే. బాత్రూం మోరీ నిండిందని జాలీ కింద తవ్విచ్చిన్రట. గందుల ఉన్నది. గా ఇంటామె నాకు బజార్ల కనవడి జెప్పింది. నవ్వుకుంట జెప్పింది. మీకు జెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని ఎవరికీ అనిపించలేదు. వెళ్లి కనుక్కోవాలని ఆయనకూ అనిపించలేదు.

ఆయన సంచిలోంచి తాపీ తీశాడు. రెండు చేతులతో అందించాడు.

యాదగిరి దాన్ని తిప్పి చూశాడు. అంచు మీద బొటనవేలు రాశాడు. పిడి దగ్గర గట్టిగా పేరుకున్న ఎర్రటి పొరను గోటితో గీకాడు.

"గిదేంది?"

"కుంకుమ," అన్నాడు గంగాప్రసాద్. "ప్రతి దసరాకు..."

రాట్నం ఆగింది.

"పదకొండేండ్లు మొక్కినవ్," అంది రూతమ్మ. "ఒక్కనాడు తేకపోతివి సారు."

 యాదగిరి తాపీని మంచం కోడుకేసి రెండుసార్లు తట్టాడు. ఎర్రపొడి నేల మీద రాలింది. తాపీని తలగడ కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.