ప్లమ్ చెట్టు దగ్గర ఆగని బస్సు

చెర్నోక్ మలుపులో ఉన్న ప్లమ్ చెట్టు పేరెత్తితే మా బల్గేరియా కొండల్లో మొనగాళ్లకి కూడా గొంతు తగ్గుతుంది. పొద్దుగూకాక దాని కింద ఓ పిల్ల నిలబడుతుందట... వీపున బడిసంచీ, ఒక కాలికే బూటు. కొందరు చూశామంటారు. మరికొందరు చూసినవాళ్లని చూశామంటారు.

అందరికంటే ఎక్కువ భయం స్కూలు బస్సు నడిపే వెల్కోకి. దానికి కారణం లేకపోలేదు. నాలుగేళ్ల కిందట ఓ మంచు సాయంత్రం, బస్సుని రోడ్డుకి అవతల చెట్టు కిందికి తిప్పడానికి బద్ధకించి, పిల్లల్ని ఇవతలే దింపేశాడు. దోనా కూతురు నెవేనా రోడ్డు దాటుతోంది... దుంగల లారీ వచ్చింది. పిల్ల చెట్టుదాకా చేరనేలేదు.

ఆ తర్వాతైనా బుద్ధి రావాలి కదా? అబ్బే. ఆ చెట్టంటేనే వణుకు పట్టుకుంది మహానుభావుడికి. అప్పట్నించీ రోజూ ఇవతలే ఆపుతాడు. పిల్లలు ఆ చీకట్లో, అదే రోడ్డు, అవే లారీల మధ్య దాటుకుని పోవాలి. దయ్యానికి భయపడ్డవాడికి లారీ భయం లేకపోయింది.

దోనా ఇల్లు చెట్టు పక్కనే, మొదటి గేటు. ఎన్నిసార్లు బతిమాలిందో.

"చెట్టు కింద ఆపు వెల్కో అన్నా. నా పిల్ల అక్కడ దిగుంటే బతికేది."

"చూద్దాంలే అమ్మా," అనేవాడు, ఆమె మొహంకేసి చూడకుండా.

మార్చి వచ్చింది. పిల్లలందరి మణికట్లకీ ఎర్రా తెల్లా ఊలు దారాలు. ఊళ్లో మొదట పూసిన చెట్టు కనబడగానే దారం విప్పి కొమ్మకి కట్టి, మనసులో ఏదో ఒకటి కోరుకోవాలి. ముందు ఎవరు కడితే వాళ్లదే గొప్ప.

ఓ సాయంత్రం బడి వదిలేసరికే చీకటి పడింది. కొండంతా పొగమంచు. వెల్కో ఎప్పట్లాగే ఇవతల ఆపి తలుపు తీశాడు. బస్సు దీపాల వెలుగులో అవతల... కొమ్మలనిండా తెల్లటి పూలు.

"పెదనాన్నా! చెట్టు పూసింది!"

అరిచింది రాలిత్సా, వెల్కో తమ్ముడి కూతురు. ఏడేళ్లది. అరుస్తూనే మెట్లమీంచి దూకింది.

"ఆగవే!"

అదే క్షణంలో మలుపులోంచి లారీ — దీపాల్లేవు, హారన్ లేదు — బస్సుని రాసుకుంటున్నట్టు దూసుకుపోయింది. బస్సు అద్దాలన్నీ గలగలలాడాయి.

తర్వాత ఏ చప్పుడూ లేదు...

వెల్కో కాళ్లు ఈడ్చుకుంటూ దిగాడు. నేలమీదికి చూడటానికి ధైర్యం చాల్లేదు. చూశాడు. రాలిత్సా మెట్టు పక్కనే నిలబడి ఉంది. ఎడమచెయ్యి వెనక్కి చాచి ఉంది, ఎవరో గుంజి పట్టుకున్నట్టు.

"ఎవరో పట్టుకున్నారు పెదనాన్నా," అంది గుసగుసగా.

వంగి చూశాడు. మణికట్టు దారం కొస తలుపు బందులో చిక్కుకుని ఉంది. వెల్కోకి ప్రాణం లేచొచ్చింది.

"దారమే పిచ్చిదానా! దారం చిక్కుకుంది, అంతే!"

నవ్వుతూ వేలు తగిలించాడు. తగలగానే ఊలు దారం పుటుక్కున తెగింది. అతని నవ్వు ఆగిపోయింది.

ఆ రాత్రి వెల్కోకి నిద్ర పట్టలేదు. తెగిన దారంముక్క జేబులోనే ఉంది.

మర్నాడు సాయంత్రం, పొగమంచులో, నాలుగేళ్లకి మొదటిసారి బస్సుని రోడ్డు దాటించాడు. కొమ్మలు బస్సు పైకప్పుని గీరాయి. చెట్టు కింద ఆపి తలుపు తీశాడు.

పిల్లలు ఒక్కొక్కరే దిగారు. ఆఖర్న రాలిత్సా. వెల్కో తలుపు మీట మీద చెయ్యి వేశాడు.

"ఉండు పెదనాన్నా," అంది కిందనించి. "ఇంకో పిల్ల ఉంది."

"ఎవరే? అందరూ దిగారుగా..."

"నిన్న నన్ను పట్టుకున్న పిల్ల. రోజూ వెనక సీట్లో కూచుంటుంది. నువ్విక్కడ ఆపవని ఇన్నాళ్లూ దిగలేదట."

వెల్కో వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాడు. చల్లటి గాలి అతని భుజాన్ని రాసుకుంటూ పోయింది. కింది మెట్టు కిర్రుమంది... చిన్నగా, చిన్న బరువుకి. తడిమట్టిలో అడుగుల చప్పుడు — ఒక బూటుది, ఒక ఉత్తికాలిది — దోనా ఇంటివైపు.

మంచులో గేటు తెరుచుకుంది.

"వచ్చావా నా తల్లీ..." దోనా గొంతు. "ఎంత పొద్దుపోయిందే!"