వాపసు ఇచ్చిన విద్య

మోటారులోంచి కాలిన రాగితీగ లాగుతుండగా ధాత్రి కుడిచెవి వెనక నేర్పుపట్టీ వెచ్చబడింది. బాడుగ గడువు దగ్గరపడిందని అది చేసే హెచ్చరిక. గడువు దాటితే పట్టీ చల్లారిపోతుంది. దానితోపాటు ఆమె చేతుల్లోని మోటారు వైండింగ్ పని కూడా మాయమవుతుంది, బాకీ మాత్రం ఉంటుంది.

కాకినాడలో నేలకింది నీరంతా ఉప్పుబారిపోయి చాలా కాలమైంది. ప్రతి వీధికీ ఒక ఉప్పుతీత యంత్రం, ప్రతి యంత్రానికీ ఒక మోటారు. అవి కాలిపోతూనే ఉంటాయి కాబట్టి ధాత్రికి పనికి కొదవ లేదు, డబ్బుకే కొదవ. కాలేజీలు ఎప్పుడో మూతబడ్డాయి. పద్దెనిమిది నిండిన పిల్లలు విద్యాకోశం అనే కంపెనీకి వెళ్లి సంతకం పెడితే చెవి వెనక పట్టీ అతికిస్తారు. తెల్లారేసరికి పని వచ్చేస్తుంది. అలా వచ్చిన పనికి జుట్టు నెరిసేదాకా నెలనెలా విద్యాబాడుగ కట్టుకోవాలి. ఈ ఏడాది కంపెనీవాళ్లు బాడుగ పెంచారు. పెంచి, దయగా ఒక దారి కూడా చూపించారు. ఇంట్లో ఇంకొకరు సంతకం పెడితే ఇద్దరికీ సగం బాడుగేనట.

ఆ ఇంకొకరు చెల్లెలు ఇందుజ. వచ్చే నెలకి దానికి పద్దెనిమిది నిండుతాయి. పెట్టేస్తానక్కా, నీకు బరువు తగ్గుతుంది కదా అని అది తేలిగ్గా అనేసింది. ధాత్రికి ఒళ్లు మండిపోయింది. తల్లి పోయాక తను చంకనేసుకుని పెంచిన పిల్ల. దాన్ని కూడా తెచ్చి తన పక్కనే అదే గానుగకు కట్టడమా? చచ్చినా కట్టనివ్వకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకుంది.

పట్టీ లేకుండా తనే పని నేర్పేస్తే సరిపోతుందనుకుని చెల్లెల్ని ఇంటి ముందరి తన కొట్లో పక్కన కూర్చోబెట్టుకుంది. అక్కడే చిక్కొచ్చిపడింది. ఇందుజ ఒక కాయిల్‌ని తప్పు వైపు చుట్టింది. కరెంటు ఇస్తే మోటారు మూలిగిందే తప్ప తిరగలేదు. ధాత్రి చేతులు ఆ కాయిల్‌ని ఊడదీసి చిటికెలో సరిచేశాయి. ఏం తప్పు జరిగిందో చెప్పమని ఇందుజ అడిగితే మాత్రం ఆమెకు చెప్పడం రాలేదు. మళ్లీ చేసి చూపించింది, మళ్లీ చెప్పలేకపోయింది. పట్టీ చేతులకు పని ఇచ్చింది గానీ తనకు ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్లుగా చేస్తున్న పని నిజానికి తనకు తెలియదని ధాత్రికి అప్పుడే తెలిసింది. ఆమెకు సిగ్గేసింది, భయం కూడా వేసింది.

జవాబు గుమ్మం పక్క మంచం మీంచి వచ్చింది. అక్కడ పడుకున్నది అమ్మమ్మ జాహ్నవి, వయసులో ఉండగా గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో చదివి, కరెంటాఫీసులో రిటైరైన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, చూపు ఆనదు. నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

"పక్కపక్క కాయిళ్లు ఒకటి ఉత్తర ధ్రువమైతే రెండోది దక్షిణ ధ్రువం అవ్వాలే. నువ్వు రెండింటినీ ఉత్తరమే చేసి కూర్చున్నావు. ఇంక అదెటు తిరుగుతుంది, పాపం?"

ఇందుజ మొహం విప్పారింది. ఆ రోజు నుంచి ముసలావిడ చెప్పడం, పిల్ల చుట్టడం. చూస్తున్న ధాత్రికి సంతోషంగానూ ఉండేది, అక్కసుగానూ ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అమ్మమ్మతో అనేసింది, మీ తరానికి ఫీజు గవర్నమెంటు కట్టింది, తప్పులు చేసుకునేంత తీరికా ఉండేది, ఆఖరికి పెన్షనూ వచ్చింది, మాకేం మిగిల్చారని.

జాహ్నవి మంచం మీద లేచి కూర్చుంది.

"ఏమీ మిగల్చలేదే. మా తరవాత పిల్లలకి ఎవరు కడతారని మేం ఒక్కళ్లం కూడా అడగలేదు. ఇప్పుడు నా పెన్షనుంది, నా నోరుంది. నేనున్నన్నాళ్లూ రెండూ వాడేసుకోండి."

ఆ మాటతో ధాత్రి మనసు కుదుటపడింది. పెన్షనుతో ఇల్లు గడిస్తే తనూ పట్టీ లేకుండా మొదట్నించి నేర్చుకోవచ్చనుకుని మర్నాడే విద్యాకోశం ఆఫీసుకు వెళ్లింది. గడువు దాటకముందే తమంతట తాము విద్య వాపసు ఇస్తే బాకీ మాఫీ అని ఒప్పందంలోనే ఉంది. ఉన్న విద్యను కావాలని పోగొట్టుకునేవాళ్లు ఉండరన్న ధీమాతో రాసుకున్న షరతు అది. కౌంటరులోని కుర్రాడు ఆలస్య రుసుముల గురించి, సగం బాడుగ గురించి గడగడా చెప్పుకుపోయాడు. అతని చెవి వెనకా పట్టీ ఉంది. వాపసు అనేసరికి ఆగిపోయాడు. ఆ మాటకు జవాబు అతని పట్టీలో పెట్టలేదు.

"మళ్లీ రాదండి," అన్నాడు చివరికి, మొదటిసారి తన సొంత గొంతుతో. "ఒకసారి తీసేస్తే చేతులు పూర్తిగా మరిచిపోతాయి. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకునే వచ్చాను. తీసెయ్యండి."

తిరిగి వస్తుంటే వీధిలో ఉప్పుతీత యంత్రం ఎప్పట్లాగే రొద పెడుతోంది. నిన్నటిదాకా ఆ రొద వింటే చాలు, చేతులు వాటంతటవే అరిగిన బేరింగు దగ్గరికి పోయేవి. ఇప్పుడది వట్టి చప్పుడు. ధాత్రి నడిరోడ్డు మీదే ఏడ్చేసింది. పమిట చెంగుతో మొహం తుడుచుకుని కొట్టుకు వచ్చి, చెల్లెలి ఎదురుగా కూర్చుంది.

ఆర్నెల్లు గడిచాయి. ఇందుజ పద్దెనిమిదో పుట్టినరోజు సంతకం లేకుండానే వెళ్లిపోయింది. పెన్షను డబ్బుతో సంసారం ఈడ్చుకొచ్చారు. రెండు వీధుల అవతల యంత్రం నడిపే సత్యవేణి తన మోటారు కోసం వచ్చేసరికి, ధాత్రి తప్పుగా చుట్టిన కాయిల్‌ని నెమ్మదిగా విప్పుకుంటోంది. అదేంటమ్మా, నువ్వు చిటికెలో చేసేదానివి కదా అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

"అప్పుడు పట్టీ చేసేదండి. ఇప్పుడు మా చెల్లెలి దగ్గర నేర్చుకుంటున్నాను. మీ మోటారుకి ఇంకో పూట పడుతుంది."

సత్యవేణి కోప్పడలేదు, వెళ్లిపోనూ లేదు. అక్కచెల్లెళ్లని కాసేపు మార్చి మార్చి చూసింది. ఆవిడ చెయ్యి తన చెవి వెనకున్న పట్టీ మీదికి పోయింది.

"మా అమ్మాయికి వచ్చే ఏడాది పద్దెనిమిది నిండుతాయి," అంది.

ధాత్రి చెల్లెలి వైపు చూసింది. కొట్లో ఇప్పుడు పెద్దది అదే.

"రేపట్నించి పంపించండి," అంది ఇందుజ. "సంతకం ఏం అక్కర్లేదు."