తాతగారి పిజ్జా

"ఇది పిజ్జాయేటండీ? చపాతీకి బొట్టూ కాటుకా పెట్టినట్టున్నాది."

కాలేజీ గేటు పక్కన ప్రేమ్ బజార్‌లో వాన దంచికొడుతున్న శనివారం సాయంత్రం, తబిత బండి ముందు తడిసి ముద్దయి నిలబడ్డ మనిషి అన్న మొదటి మాట అది. తబితకి ఒళ్ళు మండింది.

"చపాతీయేనండీ. బోర్డు మీద రాసినాను కదా, సూసుకోలేదేటి? ఓవెన్ లేదు, ఈస్ట్ లేదు, పది నిమిషాల్లో పిజ్జా. స్టూడెంట్లు లైన్ కట్టి తింటన్నారు."

"తప్పు పట్టడం కాదండీ. కొంచెం మెత్తగా సెయ్యగలరేటి అని..."

"ఎందుకు, మీకు పళ్ళు లేవేటి?"

ఆ మనిషి నవ్వేశాడు. "లేవండీ."

ముప్పైరెండూ కనిపించేలా నవ్వుతూ లేవన్నవాణ్ణి ఏం చేస్తాం? తబిత మూతి బిగించి నవ్వు ఆపుకుంది.

"అయితే తాతగారూ, బ్రెడ్డు మీద సేస్తాను. అంచులు కోసేస్తాను. ఠీక్ హై?"

"ఠీక్ హై."

బ్రెడ్డు ముక్కల్ని పెనం మీద ఒకవైపే కాల్చి, తిరగేసి, కాలినవైపు టమాటా, వెల్లుల్లి గుజ్జు రాసింది. ఉల్లి, క్యాప్సికమ్ సన్నగా తరిగి వేసి, పైన చీజ్ తురిమింది. పెనం అంచున రెండు చుక్కల నీళ్ళు చిలకరించి మూత పెట్టేసింది. ఆవిరికి చీజ్ కరుగుతుంది. ఇంతే ఆమె విద్య. తండ్రి పోయాక తల్లినీ తననీ పోషిస్తున్నది ఈ విద్యే.

అతని పేరు విల్‌ఫ్రెడ్ అనీ, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్ అనీ రెండో శనివారం తెలిసింది. ఇద్దరి చర్చిలూ వేరు కాబట్టి అంతకుముందు ఎక్కడా ఎదురుపడలేదు. డ్యూటీకి వెళ్తూ స్టీలు డబ్బా ఇచ్చి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. బండి దగ్గర మాత్రం ఒక్కసారీ తినలేదు.

"ఇక్కడ తింటే నామోషీయేటి?"

"పళ్ళు ఇంట్లో పెట్టి మర్సిపోయినాను."

అలా అంటూనే ప్రతిసారీ ఇంకొంచెం మెత్తగా కావాలనేవాడు. బ్రెడ్డు అయ్యింది, ఊతప్పం అయ్యింది. మినప్పిండి పులియబెట్టి స్పంజులా పోసినా, "ఇంకొంచెం..." అని నసిగాడు. చివరికి ఇడ్లీని అడ్డంగా కోసి దాని మీద చీజ్ కరిగించింది.

"వచ్చే వారం ఉయ్యాల కూడా కట్టి, జోలపాట పాడి తినిపించీదా తాతగారూ?"

విల్‌ఫ్రెడ్ ఆ మాటని జేబులో వేసుకుంటున్నట్టు తలూపుతూ నవ్వుకున్నాడు. ఏం తిట్టినా అలాగే, మళ్ళీ ఒకసారి తనలో తాను అనుకుని మరీ వెళ్ళేవాడు. ఆ నవ్వు కోసం తబిత శుక్రవారం నుంచే కొత్త తిట్లు ఆలోచించడం మొదలుపెట్టింది. అందరి పిజ్జా మీదా చీజ్ ఒక చుట్టు తురిమితే, అతని పిజ్జా మీద మూడు చుట్లు. ఆమెకి ఏమైందో ఆమెకి తప్ప ప్రేమ్ బజార్ మొత్తానికి తెలిసిపోయింది.

దసరా పూజ సెలవులకి స్టూడెంట్లు ఊళ్ళకి పోయి, బండి దగ్గర తీరిక దొరికిన శనివారం ఆమె డబ్బా కడుగుతూ మూత తిరగేసింది. లోపలివైపు చుక్కల అక్షరాలతో చెక్కించిన పేరు కనిపించింది. సూసన్న.

పెళ్ళి సామాను మీద పెళ్ళికూతురి పేరు చెక్కించి ఇవ్వడం మనవాళ్ళకి అలవాటే. తబిత వాళ్ళమ్మ గిన్నెల మీదా వాళ్ళమ్మ పేరే ఉంది. అంటే పెళ్ళయింది. ఆ సుకుమారి కోసమే ఈ మెత్తటి రొట్టెలన్నీ! డబ్బా నిండా గీతలు పడి, ముప్పై ఏళ్ళ పాతదని చూసినవాళ్ళెవరైనా చెప్తారు. కోపంలో ఉన్నవాళ్ళకి గీతలు కనిపించవు.

ఆ సాయంత్రం ఆమె టీకొట్టు సీసాలోంచి నాలుగు రస్కులు తెచ్చింది. ఇటుకల్లాంటి రస్కులు. వాటి మీద గుజ్జు రాసి, చీజ్ ఒకే ఒక్క చుట్టు తురిమి, డబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కింది.

విల్‌ఫ్రెడ్ మూత తెరిచి చూశాడు. ఆమె మొహమూ చూశాడు. "ఏటైనాదండీ?" అన్నాడు.

"ఏటీ అవ్వలేదు. ఇంట్లో ఆవిడికి నచ్చుతాదిలెండి."

అతని మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

తరవాతి శనివారం పొద్దున ఎప్పట్లాగే డబ్బా ఇచ్చాడు గానీ, సాయంత్రం రాలేదు. ఏడు దాకా చూసి తబిత బండి కట్టేసింది. డబ్బా ఆవిడ చేతికే ఇచ్చి, ఇకమీద రావద్దని చెప్పి వచ్చేద్దామని సైకిలెక్కింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఫిట్టర్ విల్‌ఫ్రెడ్ క్వార్టర్ ఎక్కడంటే మొదట అడిగిన మనిషే వేలు పెట్టి చూపించాడు.

తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ, మెడ చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. మనిషి ఎముకల గూడు. తబిత చేతిలో డబ్బా చూడగానే ఆవిడ కళ్ళు వెలిగాయి.

"పిజ్జా పిల్లవి కదూ?" గొంతు కాదు అది, ఊపిరి. "సూసన్నని నేనేనమ్మా. ఆడి తల్లిని."

తబిత లోపలికొచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఈడు మందులకెల్లినాడు. నాకు మజ్జానం నుంచి బాగోనేదు, అందుకే రానేదు. గొంతులో కేన్సరని కరెంటు పెట్టినారు కదా, ముద్ద దిగదు. ఈడు సిన్నప్పుడు పిజ్జా కావాలని ఏడిస్తే కొనలేకపోయినాం. ఏటో, ఇప్పుడు నాకే ఆ ఆశ పుట్టింది."

"అమ్మగారూ... పోయిన వారం రస్కులు..."

"టీలో నానబెట్టుకుని రెండు ముక్కలు తిన్నాను." ఆవిడ భుజాలు నవ్వుతో కదిలాయి. "ఆ పిల్లకి నీ మీద కోపమొచ్చిందిరా అంటే, ఎందుకమ్మా అంటాడు. ఎర్రోడు. డబ్బా మీద పేరు సూసుంటాదిరా అన్నాను. అలా కోపమొచ్చిందంటే సెడ్డ గుర్తు కాదురా అని కూడా అన్నాను."

తబిత ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాకు ఒక్క మాట సెప్పొచ్చు కదండీ. పళ్ళు లేవేటి అన్నాను. జోలపాట పాడీదా అన్నాను."

"అవే కదమ్మా నాకు తెచ్చీవోడు. పిజ్జా ఒక సేత్తో, నీ మాటలు ఒక సేత్తో. ఆ మాటలకి నవ్వుతా ఉంటే ముద్ద దిగిపోయీది. నీకు సెప్తే జాలి పడతావని నేనే వద్దన్నాను. జాలి పడ్డవోళ్ళు ఈ ఊరి నిండా ఉన్నారు. ఏళాకోళం ఆడేవోళ్ళే నేరు." ఎండిన వేళ్ళు తబిత చెయ్యి పట్టుకున్నాయి. "నేను ఉన్నన్నాళ్ళూ ఆణ్ణి తిట్టడం మానకు."

మందులతో తిరిగొచ్చిన విల్‌ఫ్రెడ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తబిత కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఏటి తాతగారూ, డబ్బా హోమ్ డెలివరీ కూడా సెయ్యాలేటి మీకు?"

కిటికీ పక్కన ఆవిడ నిశ్శబ్దంగా నవ్వింది.

తరవాత ఇడ్లీ కూడా దిగలేదు. తబిత చోడిపిండితో పలచగా అంబలి కాచి, టమాటా గుజ్జుని గుడ్డలో వడకట్టి, చీజ్ పాలలో కరిగించి దాని మీద పోసేది. అంబలి మీద పిజ్జా ప్రపంచంలో ఎవరూ చేసి ఉండరు. సూసన్న రెండు చెంచాలు తాగి, బాగుందన్నట్టు వేలు ఎత్తేది. ఆ వారాల్లో తబిత తిట్టినంతగా విల్‌ఫ్రెడ్‌ని ఎవరూ తిట్టి ఉండరు. తిట్టి, సైకిల్ తొక్కుకుంటూ దారంతా ఏడ్చేది.

నవంబరు చివర్లో ఒక తెల్లవారుజామున సూసన్న వెళ్ళిపోయింది. చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో అందరికీ టీ, బిస్కెట్లు తబితే అందించింది. విల్‌ఫ్రెడ్ ఆమె చేతిలోంచి కప్పు తీసుకుని, వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు.

వరసగా మూడు శనివారాలు అతను రాలేదు. మూడుసార్లూ తబిత పెనం ఆర్పకుండా ఏడు దాకా నిలబడింది. అమ్మ కోసమే వచ్చేవాడేమో, ఇక ఈ వైపు ఏం పని అని తనకి తానే చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ గుండెలో ముల్లు ఇంకొంచెం లోపలికి దిగింది.

డిసెంబరు మూడో శనివారం న్యూ సెటిల్‌మెంట్ ఇళ్ళన్నిటికీ క్రిస్మస్ స్టార్లు వెలిగాయి, విల్‌ఫ్రెడ్ ఇంటికి తప్ప. ఆ సాయంత్రం సన్నటి చలివానలో అతను బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో డబ్బా లేదు.

తబితకి తిట్టాలో, ఊరుకోవాలో తెలియలేదు. "ఏటి కావాలండీ?" అంది మెల్లగా.

"పిజ్జా. చపాతీ మీద. గట్టిదే."

"ఎవరికి?"

"నాకు. ఇక్కడే తింటాను."

ఆమె చపాతీ కాల్చింది, గుజ్జు రాసింది, మూడు చుట్లు చీజ్ తురిమింది. అతను మొదటి ముక్క కొరికాడు. కరకరమని చప్పుడయింది. నాలుగు నెలలుగా మోసిన పిజ్జా రుచి అతనికి ఇవాళే తెలిసింది. నమిలాడు, కానీ మింగలేకపోయాడు. అమ్మకి దిగనట్టే అతనికీ ముద్ద దిగలేదు.

తబితకి తన చెయ్యి పట్టుకున్న సూసన్న వేళ్ళు గుర్తొచ్చాయి.

"ఏటి తాతగారూ," కన్నీళ్ళు కారుతుండగానే అంది, "పళ్ళు తెచ్చుకున్నారా, ఇయాల కూడా ఇంట్లోనే మర్సిపోయినారా?"

విల్‌ఫ్రెడ్ నవ్వాడు. ఆ నవ్వులోనే భోరుమన్నాడు.

"మూడు వారాలూ కాలేజీ గేటు దాకా వచ్చి వెనక్కెల్లిపోయినాను తబితా. మీరు తిడతారు, నేను నవ్వుతాను. ఇంటికెల్లి ఆ మాట ఎవరికి సెప్పాలో తెలీక."

తబిత స్టవ్ ఆర్పి, బండి ఇవతలికి వచ్చి అతని పక్కన నిలబడింది.

"నాకు సెప్పండి," అంది. "రోజూ ఇంటికొచ్చి నాకే సెప్పండి."