తడిసిన కుచ్చిళ్లు

పొద్దున్న ఏడయ్యేసరికి మియాపూర్‌లోని ఆ ఇల్లు సంతలా ఉంటుంది. గిరీష్ లుంగీ మీదే కిందికి దిగి పికప్ బండి అద్దాలు తుడుస్తున్నాడు. సౌజన్య నోట్లో పిన్నులు పెట్టుకుని జడ వేసుకుంటూనే, పొయ్యి మీద ఉప్మా మాడకుండా ఓ కన్నేసింది. నాలుగేళ్ల మౌనిక ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది మంచం కింద వెతుకుతోంది. ఆ సందడిలో పార్వతమ్మ, కోడలు చేతికిచ్చిన గ్లాసుడు మంచినీళ్లను ఎవరూ చూడకుండా సింకులో పారబోసింది.

నాలుగైదు రోజులుగా ఆమె సరిగ్గా నీళ్లు తాగడం లేదు. అసలే షుగరు మనిషి, నోరు పిడచకట్టుకుపోతోంది. అయినా తాగదు. తాగితే ఏమవుతుందో తనకు తెలుసుననుకుంటోంది.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆమెకు ఈ భయం పట్టుకుంది. గిరీష్ మాదాపూర్‌లో కొత్తగా వెలుస్తున్న ఆఫీసులకు కంప్యూటర్లు చేరవేస్తాడు. పొద్దున్నే అదే బండిలో మౌనికను బడి దగ్గర, సౌజన్యను సైబర్ టవర్స్ దగ్గర దింపుతాడు. పాపను ఒళ్లో పెట్టుకోవడానికి పార్వతమ్మ కూడా వెళ్తుంది. అక్కడ రాళ్లు పేల్చి మేడలు కడుతున్నారు, వాన పడితే జల్లు, లేకుంటే ఆ దుమ్ము, కిటికీ అద్దం దించితే ఇంతే సంగతులు. అందుకే అద్దాలన్నీ ఎత్తేసి ఏసీ వేస్తాడు. సౌజన్య మధ్యలో, పార్వతమ్మ డోరు పక్కన కూర్చుంటే, నిద్ర చాలని మౌనిక ఆమె ఒళ్లో జోగుతూ ఉంటుంది. దిగేటప్పుడు చూస్తే పార్వతమ్మ చీర కుచ్చిళ్లు తడి, పాప గౌను అంచు తడి, సాక్సులు తడి.

మొదటి రోజు పాపే నిద్రలో ఉచ్చ పోసిందనుకుంది. మర్నాడు కోడలినీ, మనవరాలినీ దింపేసి ఇంటికి తిరిగొస్తుంటే, ఒళ్లో ఎవరూ లేకుండానే కుచ్చిళ్లు మళ్లీ తడిశాయి. మోకాళ్ల కింద తిమ్మిరెక్కి ఏళ్లయింది, చెప్పు జారిపోయినా ఆమెకు తెలియదు. ఇప్పుడు ఇది కూడా తెలియకుండా అయిపోతోందన్నమాట! వాసన లేదే అన్న ఆలోచన ఆమెకు రాలేదు. భయపడ్డ మనిషికి ముక్కు మాత్రం ఏం పనిచేస్తుంది?

ఆ భయం ఊరికే రాలేదు. కదిరిలో తన అత్తగారికి వయసు మీద పడి ఇలాగే అయింది. పెద్దబావగారు ఆవిణ్ణి పెరట్లో గడ్డివాము పక్కనున్న రేకుల షెడ్డులోకి మార్చారు. అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి వచ్చేసేవాళ్లు. ఒకప్పుడు ఇల్లంతా గడగడలాడించిన మనిషి, ఆ షెడ్డులోంచి మళ్లీ ఇంట్లోకి రానేలేదు.

అందుకే పార్వతమ్మ నోరు మెదపలేదు. సౌజన్య రోజూ పాపను కసురుకుంటుంటే తల దించుకుని వింది. రాత్రి పాప తనను కరుచుకుని పడుకుంటే, ఆ చిన్న వీపు నిమురుతూ కళ్లు తుడుచుకుంది. చెప్తే ఎక్కడ పడేస్తారో, చెప్పకపోతే ఈ పసిదాని గతేమిటో. రెండూ భయమే.

ఆ రోజు బడి ముందు బండి ఆగింది. సౌజన్య ముందు అత్తగారిని దించి, తర్వాత పాపను దించి గౌను చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"మళ్లీనా మౌనీ? ఇట్లైతే రేపట్నుంచి పంపొద్దని ఆ టీచరమ్మ నిన్ననే మొహం మీద చెప్పింది. నేను ఉద్యోగం మానుకుని కూర్చోవాల్నా?"

"నేను పోయలేదమ్మా," అంది మౌనిక నిద్రమొహంతో.

"నువ్వు కాకపోతే ఎవరే, నాన్నమ్మా?"

పార్వతమ్మ నోరు తెరిచేలోపే పాప చెంప ఛెళ్లుమంది. సౌజన్య పాప మెడలోంచి నీళ్ల సీసా లాగేసుకుంది.

"సాయంత్రం దాకా చుక్క నీళ్లు లేవు నీకు. అప్పుడు గానీ బుద్ధి రాదు."

"దాహం వేస్తే ఎట్లమ్మా?" అని మౌనిక వెక్కుతూ అడిగింది.

ఆ మాట పార్వతమ్మ తట్టుకోలేకపోయింది. దాహమంటే ఏమిటో ఇన్ని రోజులుగా ఆమెకు బాగా తెలుసు.

"బిడ్డను కొట్టాకమ్మా! బిడ్డ కాదు, నేనే!"

"అమ్మా, ఏం మాట్లాడతాండావు?" అన్నాడు గిరీష్ స్టీరింగ్ దగ్గర్నుంచి.

"ఔ నాయనా. నాకు తెలీకుండానే అయిపోతాండాది. మీ అవ్వకు వచ్చిన రోగమే నాకూ వచ్చిండాది. చెప్పేదానికి భయపడి పసిబిడ్డ మీద పెట్టినా. ఊర్లో ఆ షెడ్డు ఇంకా ఉండాది గదా, నన్నాడ పడేసి రాండి. దాన్ని మాత్రం కొట్టాకండి."

పార్వతమ్మ కోడలి ముఖంలోకి చూసింది. అసహ్యం ఎప్పుడు కనబడుతుందా అని చూసింది. సౌజన్య బడి గేటు వైపు చూసింది, పాప చెంప మీద తేలిన వేళ్ల గుర్తుల వైపు చూసింది. తర్వాత పాపను ఎత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని బండి ఎక్కించింది.

"నడిమధ్యలోకి జరగండి అత్తమ్మా."

"వద్దమ్మా, సీటు అంచంతా తడిగా ఉండాది, నీ బట్టలు..."

"ఉండనీండి." సౌజన్య డోరు పక్కన, ఆ తడి మీదే కూర్చుంది. "ఆఫీసు వద్దు, ఆస్పత్రికి పోనీ," అంది భర్తతో.

బండి కదిలింది. దారి పొడుగునా సౌజన్య అత్తగారి చేతిని వదల్లేదు. మలుపు తిరగగానే కాళ్ల ముందున్న ఏసీ డబ్బా కింద నుంచి బుడబుడమంటూ నీళ్లు సౌజన్య పాదాల మీద పడ్డాయి.

"అమ్మో, ఐసు నీళ్లు! ఆపండి!"

గిరీష్ బండి పక్కకు తీశాడు. వంగి డబ్బా కింద చెయ్యి పెట్టి చూశాడు. సీటు వెనక నుంచి ఇనప తీగ ఒకటి లాగి, బండి కిందికి దూరాడు. ఏసీలో చేరే నీళ్లు కిందికి పోవడానికి సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. అందులో మాదాపూర్ దుమ్మంతా బురదై బిగుసుకుపోయింది. తీగ పెట్టి పొడిచాడు, రాలేదు. మెల్లగా తిప్పాడు. అప్పుడొక మట్టి ముద్ద ఊడి, దాని వెంట ఎర్రటి నీళ్లు భళ్లున అతని మొహం మీద పడ్డాయి.

"పోసింది నేను కాదు, బండి! నాన్న మొహం మీద కూడా పోసింది!" అని చప్పట్లు కొట్టింది మౌనిక.

గిరీష్ బురదమొహంతో నవ్వాడు. సౌజన్య నవ్వబోయి ఏడ్చేసింది. పాప చెంపకు చెంప ఆనించి, "తప్పయిపోయింది నాన్నా, అమ్మదే తప్పు," అని, సీసా మూత తీసి నీళ్లు తాగించింది.

పార్వతమ్మ మాత్రం నవ్వలేదు. సౌజన్య ఆమె పాదాల వైపు చూసింది. నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. ఒక వేలి సందున చర్మం చీరుకుని ఎర్రగా ఉంది.

"ఇంత చల్లటి నీళ్లు పడుతుంటే మీకు కొంచెం కూడా తెలియలేదా అత్తమ్మా?"

"లేదమ్మా."

"అయితే ఆస్పత్రికే పోదాం. ఈ పాదాలు చూపించాల్సిందే," అంది సౌజన్య, పైట చెంగుతో ఆ వేళ్ల సందులు తుడుస్తూ.

పార్వతమ్మ కాలు వెనక్కి లాక్కోబోయింది, సౌజన్య వదల్లేదు. చివరికి ఇన్ని రోజులుగా లోపలే దాచుకున్న మాట బయటికొచ్చింది.

"ఈ పొద్దు బండిదని తేలిపాయ. రేపు నిజంగానే నాకొస్తే ఏం చేస్తావమ్మా?"

సౌజన్య తలెత్తింది.

"బండిదని తెలిశాక కూర్చున్నానా అత్తమ్మా, మీ పక్కన?"