పెన్షను కోతా, ఉప్పు కాఫీ

ఆసుపత్రి బిల్లు గవర్నమెంటుకు పెట్టిన రిటైర్డు ఉద్యోగికి పెన్షనులో కోత పడుతుందన్నది పుంగనూరులో అందరూ నమ్మిన మాట. ముప్పయ్యేళ్లు సైన్సు పాఠాలు చెప్పి, దయ్యాన్నీ దిష్టినీ నమ్మని ఈశ్వరప్ప మాస్టారు కూడా దీన్ని మాత్రం నమ్మాడు.

రెండువేల రెండులో, ఒక నెల ఒకటో తేదీ ఉదయం, ఆయన కాఫీ ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు.

"చెంగమ్మా, దీంట్లో ఉప్పేసినావు!"

"నా కండ్లకు ఉప్పూ చక్కెరా ఒకటిగానే కనబడతాండాయి. రేపు కారమేస్తాను, ఎర్రగా ఉంటాది, గుర్తుపడతాను" అంది భార్య.

మదనపల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చిన కూతురు శాలిని నవ్వబోయి, తల్లి వేళ్లమీది బొబ్బలు చూసి ఆగిపోయింది.

"ఇదేందమ్మా?"

"మంట కనబళ్లేదు."

శాలిని తండ్రివైపు తిరిగింది. "శుక్లాలు తీయించమని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. యాల ఆలస్యం నాయనా?"

"ముందు మనమే కట్టాలమ్మా. బిల్లు పెడితే పెన్షను కోస్తారు, పెట్టకుంటే ఖర్చంతా మనదే. అందుకే కూడబెడతాండాను."

"కోస్తారని ఎవరు చెప్పినారు?"

"గంగాధరం. నాతోపాటు పెన్షను తీసుకుంటాడే, ఆయన."

శాలిని తండ్రిని బ్యాంకుకు నడిపించింది. పెన్షను రోజు కాబట్టి అరుగుమీద రిటైరైనవాళ్లందరూ ఉన్నారు. శాలిని అడగగానే గంగాధరం నిస్సంకోచంగా పక్కనున్న బాలప్పను చూపించాడు. "ఈయనకు కోసినారు గదా!"

"నాకు కోసింది ఆవుల లోనుకప్పా!" అన్నాడు బాలప్ప. "పోయిన నవంబరులో, బతికుండామని సర్టిఫికెట్టిచ్చే లైన్లో నా పాసుబుక్కు సూసి, 'ఆపరేషను బిల్లు పెడితివి, పెన్షను తగ్గె' అని తేల్చిందెవరు? ఈ ఈశ్వరప్ప అయివారే! అయివారు చెప్పినాక తప్పుంటాదా అని మేమందరం నమ్మితిమి."

అరుగంతా ఘొల్లుమంది. మాస్టారు శుభ్రంగా ఉన్న కళ్లద్దాలనే తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క ప్రయోగంతో నిర్ణయానికి రాకూడదని నాచేత గుంజీలు తీయించినారు నాయనా" అంది శాలిని మెల్లగా. "అమ్మ చెయ్యి కాలింది."

మాస్టారు కూడబెట్టిన డబ్బు బయటికి తీశాడు. ఆ వారమే మదనపల్లెలో ఆపరేషను జరిగింది. కట్టు విప్పగానే చెంగమ్మ భర్తను తేరిపార చూసి, "ఇంత ముసలోడివి ఎప్పుడైతివయ్యా?" అంది.

"నీ కండ్లను ఆర్నెల్లు చీకట్లో పెట్టినాను. తప్పు నాదే" అంటూ మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏడిస్తే ఇప్పుడు నాకు బాగా కనబడతాది, జాగ్రత్త" అందామె, ఆయన చెయ్యి పట్టుకుని.

గవర్నమెంటుకు పెట్టిన బిల్లు మూడు నెలలకు మంజూరైంది. పరిమితికి మించిన లెన్సు ఖరీదూ, బస్సు చార్జీలూ మాత్రం తిరిగి రాలేదు.

మరుసటి ఒకటో తేదీన మాస్టారి పాసుబుక్కులో పడిన పెన్షను, అంతకు ముందు నెల పడినంతే.